తేలు గుర్తు మడత స్టూలు

ఇనుప గనులు జోరుగా నడిచిన ఆ ఏళ్ళలో కూరెకుప్ప ఊళ్ళో ఎండ కూడా ఎర్రగానే పడేది. గనుల లారీలు లోడు కోసం రెండేసి రోజులు చెట్ల కింద ఆగేవి. ఆ డ్రైవర్ల కోసం దుర్గక్క ఇంటి ముందర కూర్చుని మడత స్టూళ్ళు చేసేది. సర్వి కర్రలను కత్తెర మాదిరి కలిపి, నడుమ బోల్టులు బిగించి, పైన చిరిగిన లారీ టార్పాలిన్ పట్టాను దబ్బనంతో కుట్టేది. కుట్టి లాగితే పట్టా డోలులా మోగేది. మడిస్తే స్టూలు చంకలో ఇమిడేది.

లోడింగ్ గేటు ముందర వరుసలో నిలబడేవి స్టూళ్ళే, మనుషులు కాదు. ఒక్కో స్టూలు మీద ఒక్కో గుర్తు: తేలు, నాగలి, మల్లెమొగ్గ. అదే గుర్తు కుట్టిన పీలిక డ్రైవరు జేబులో ఉండేది. పీలిక చూపిస్తే వంతు వానిది.

ఒకసారి దుర్గక్క మరిచిపోయి ఇద్దరికి తామరే కుట్టింది. వరుసలో ముందున్న తామర స్టూలు మీదికి రెండు పీలికలు వచ్చాయి. జాకీ రాడ్డు లేచింది. పంపాపతి అనే డ్రైవరు తల పగిలి ఆమె ముందరే పోయాడు. ధూళి ముందే ఎరుపు. నెత్తురు ఎంత కారిందో ఎవరికీ తెలియలేదు. ఆనాటి నుంచి ఒకరి గుర్తు ఇంకొకరికి కుట్టలేదు.

ఒక మధ్యాహ్నం సుబ్బరామి వచ్చాడు. ఒక ఆసామి లారీలన్నిటినీ నడిపించే మనిషి.

"అక్కా, డ్రైవరు మద్దిలేటి స్టూలుకు తేలు ఉండాది గదా. అట్లాంటి పీలిక నాకొకటి కుట్టియ్యి."

"యాలప్పా? వాని వంతుకు నువ్వు పోతావా?"

"నువ్వేమన్నా సర్కారు సీలు ఏస్తాండావా ఏంది, ఇంత బిగుసుకుంటావు?"

"సీలు పోతే ఇంగోటి ఏస్తారు. తల పోతే ఇంగోటి కుట్టేకి నాకు రాదప్పా."

అతను నవ్వాడు. నవ్వుతూనే స్టూళ్ళను తన్నాడు. కర్రలు ఫెళఫెళ విరిగాయి. ఆమె కుడిచేతిని, పట్టా పరిచి కుట్టే చెక్కపలక మీదికి లాగి, విరిగిన కర్రతోనే కొట్టాడు. నొప్పి మొదట తెల్లని వెలుగులా వచ్చింది, చప్పుడు తరువాత. రెండు వేళ్ళు పక్కకు వాలిపోయాయి.

"ఎడం చెయ్యి ఉండాది గదా, కుట్టు" అంటూ పట్టా ముక్కను పలక మీద అరచేత్తో అదిమి పట్టాడు.

దుర్గక్క ఎడంచేత్తో దబ్బనం తీసుకుంది. అతని చేతిలోంచి, పట్టాలోంచి, పలకలోకి దించింది.

ఆ కేక రోడ్డు దాటింది. డ్రైవర్లు పరుగున వచ్చారు. అందరికంటే ముందు వచ్చిన మద్దిలేటి సుబ్బరామి తల మీదికి రాడ్డు ఎత్తాడు.

"బేడప్పా, వద్దు!" దుర్గక్క అడ్డం పడింది. "ఇంగో పంపాపతి నాకొద్దు."

"నీ వేళ్ళు ఇరిచినాడు గదక్కా!"

"ఇరిగినవి నావి. పొడిచింది నేనే. సాలు."

పలకను కాలితో తొక్కిపట్టి దబ్బనం పీకింది. "పో సుబ్బరామీ, కట్టు కట్టించుకో. నీ డ్రైవర్లను పంపు. ఎవని గుర్తు వానికి కుడతా."

సుబ్బరామి చేతిని రొమ్ముకు అదుముకుని పోయాడు. మద్దిలేటి రాడ్డు ఇంకా గాలిలోనే ఉంది. గేటు నుంచి కాపలావాడు "తేలూ! తేలు ఎవరప్పా!" అని అరిచాడు.

"ఏం చూస్తాండావు?" అంది దుర్గక్క, దబ్బనాన్ని కొంగుకు తుడుస్తూ. "నీ వంతు వచ్చింది, పో."