మందుల పేర్లన్నీ చెప్పిన రోజు

ఆ ఆదివారం చర్చికి వెళ్లే తొందరలో సుగుణ పొయ్యి మీది అన్నం గిన్నెను మసిగుడ్డ లేకుండా ఉత్త చేతులతో దించింది. దించినదాన్ని కింద పెట్టకుండా అలాగే పట్టుకుని నిలబడింది. నేను కేక వేస్తే గాని వదల్లేదు. రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి.

"చెయ్యి కాలట్లేదా?" అన్నాను.

నా వైపు నెమ్మదిగా చూసి, "కాలిందా అండీ?" అంది.

ఏదో తేడాగా ఉందని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే. ఇది డెబ్బైల నాటి సంగతి. నా భార్య సుగుణ తిరువూరులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో నర్సు. నేను విస్సన్నపేటలో స్కూలు మాస్టర్ని. పొద్దున బస్సెక్కి వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేవాణ్ణి. మాకు స్వర్ణ అని ఒక పాప. స్వర్ణ తరువాతి బిడ్డ కడుపులోనే చనిపోతే సుగుణకు ఆపరేషన్ చేసి తీశారు. కుట్ల నొప్పికి పెథిడిన్ అనే మత్తు ఇంజక్షన్ ఇచ్చారు. కుట్లు మానాయి. ఆమె మళ్లీ డ్యూటీకి వెళ్లింది.

ఆ డ్యూటీ కాన్పుల వార్డులోనే. ఎవరెవరి బిడ్డలనో తుడిచి, గుడ్డలో చుట్టి, తల్లుల పక్కన పడుకోబెట్టాలి. "ఆ పిల్లలు ఏడుస్తుంటే నాకు పాలొస్తున్నాయండీ," అని ఒకరోజు నాతో చెప్పింది. ఇంకొన్నాళ్లు సెలవు పెట్టమన్నాను. అడిగితే ఇవ్వలేదట. మా ఇంట్లో ఎవరూ ఆ బిడ్డ మాట ఎత్తేవారు కాదు. ఎత్తకపోతే మరిచిపోతుందని అందరం అనుకున్నాం.

చేతులు కాలిన తరువాత నేను ఆమెను గమనించడం మొదలుపెట్టాను. మనిషి చిక్కిపోయింది. తిండి సయించేది కాదు. ఒక్కోసారి కూర్చున్నచోటే తూగేది. ఒక్కోసారి ముక్కూ కళ్లూ కారుతూ, ఆవులిస్తూ, ఎవరి మాటకైనా చిరాకు పడేది. అడిగితే పడిశం అనేది. కొన్నాళ్లకు తొడ మీద గడ్డ లేచి నడవలేకపోయింది. నర్సింగ్ హోము డాక్టరమ్మే కోసి చీము తీసింది. తరువాత నన్ను తన గదిలోకి పిలిచింది.

"మాస్టారూ, ఇది ఇంజక్షన్ యాబ్సెస్. తొడంతా సూది పోట్లే. మీ ఆవిడ పెథిడిన్ తీసుకుంటోంది. మీకు తెలీదా?"

"తెలీదండి."

"నాకూ ఇవ్వాళే తెలిసింది. కేసులూ అవీ ఎందుకు, నా హాస్పిటల్ పేరు పోద్ది. రేపట్నుంచి డ్యూటీకి రావద్దని చెప్పండి."

వైద్యం ఏమిటని అడిగాను. "మానేస్తే అదే పోద్ది," అంది డాక్టరమ్మ.

సుగుణ దాచలేదు. ఇంటికి వచ్చాక నా ముందు గోడకు ఆనుకుని కూర్చుని, "అది వేసుకుంటే బిడ్డ గుర్తొచ్చినా నెప్పి తెలీదండీ, అంతే," అంది. నేను స్కూలుకు సెలవు పెట్టాను. మా అత్తగారు గంపలగూడెం నుంచి వచ్చి స్వర్ణను చూసుకుంది. ఇరుగుపొరుగుకు టైఫాయిడ్ అని చెప్పాం. సుగుణ వాంతులూ విరేచనాలతో మంచం పట్టింది. ఒళ్లంతా గగుర్పొడిచేది, కాళ్లు మంచం పట్టెలకేసి కొట్టుకునేది. తరువాత తగ్గింది. లేచి స్వర్ణకు జడ వేసింది. గండం గడిచిందనుకుని నేను బస్సెక్కాను.

గడవలేదు. నర్సింగ్ హోములో కాంపౌండరు దేవదానం ఉండేవాడు. సుగుణ అతన్ని అన్నయ్య అనేది. రోగులను ఎత్తీ దించీ నడుం పట్టేసి, ఆ నొప్పికి అతనూ సూదితోనే మొదలుపెట్టాడు. సుగుణ మానిందని తెలిసినా, పలకరించడానికి వచ్చినప్పుడు జేబులో ఏదో ఒకటి తెచ్చేవాడు. పెథిడిన్ దొరికితే పెథిడిన్. దొరకని రోజు నిద్రపుచ్చే డయజిపామ్ ఇంజక్షన్. దానికీ ఆరాటం తగ్గకపోతే నిద్రమాత్రలు. రానురాను ఆ మాత్రలు ఇద్దరికీ రోజూ కావాల్సి వచ్చాయి. ఇద్దరికీ ఒకటే సిరంజి. "ఉడకబెట్టకుండా వాడకూడదని నేను ఎంతమందికి చెప్పానో, నేనే ఉడకబెట్టలేదండీ," అని తరువాత ఏడ్చింది.

ముందు దేవదానం కళ్లు పచ్చబడ్డాయి. కొద్ది రోజులకే సుగుణ కళ్లు. ఊళ్లో పసరు పోయించాం. పథ్యం పెట్టాం. దేవదానానికి కడుపు ఉబ్బిపోతే వాళ్లవాళ్లు విజయవాడలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అతని భార్య మేరికి సూదుల సంగతి లీలగా తెలుసు. కానీ దేవదానం పెదనాన్న ఆమె నోరు మూయించాడు. "కామెర్లనే చెప్పు. ఇంకో మాటన్నావా, రేపు ఆడపిల్లకి సంబంధం రాదు."

అక్కడ కామెర్లకే వైద్యం చేశారు. రోజూ మింగే నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆగిపోయాయి. అతనికి ఫిట్స్ వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి. ఎందుకు వస్తున్నాయో డాక్టర్లకు తెలియలేదు. శవాన్ని తిరువూరు తెచ్చారు.

సమాధుల దొడ్డికి సుగుణ రాలేకపోయింది. నేను తిరిగి వచ్చి ఫిట్స్ సంగతి చెప్పాను. మళ్లీ మొదలైన సూదుల సంగతీ, దేవదానం తెచ్చిన మాత్రల సంగతీ ఆమె అప్పుడు నాకు చెప్పింది. తరువాత, "నన్ను విజయవాడ తీసుకెళ్లండి," అంది.

బస్సులో మా అత్తగారు దారి పొడుగునా బతిమాలింది. "అమ్మా, కామెర్లనే చెప్పుకుందాం. నర్సువి, నీ ఉద్యోగం పోద్ది." సుగుణ కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకుంది.

వార్డులో వయసు మళ్లిన డాక్టరు ఒకాయన కళ్లు చూసి, కడుపు నొక్కి, "ఎన్నాళ్ల నుంచమ్మా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే సుగుణ లేచి కూర్చుంది. పవిట సర్దుకుంది. డ్యూటీ మారేటప్పుడు నర్సు రిపోర్టు ఇచ్చినట్టు మొదలుపెట్టింది.

"సార్, పెథిడిన్, ఇంట్రామస్కులర్. దొరకనప్పుడు డయజిపామ్. బార్బిట్యురేట్ నిద్రమాత్రలు రోజూ. నిన్న కూడా వేసుకున్నాను. సిరంజి ఇంకొకరితో పంచుకున్నాను. ఆయన కామెర్లతో ఇదే ఆసుపత్రిలో చనిపోయారు. ఫిట్స్ వచ్చి. ఆయనా ఇవే మాత్రలు వాడేవారు సార్."

డాక్టరుగారు రాస్తున్న కలం ఆపారు. "ఆ కాంపౌండరా?" అన్నారు. "మాకెవ్వరూ చెప్పలేదమ్మా."

ఆయన నన్ను వరండాలోకి పిలిచి విడమరిచి చెప్పారు. "ఇది సీరం హెపటైటిస్, సూది వల్ల వచ్చిన కామెర్లు. పెథిడిన్ మానితే మనిషి విలవిల్లాడుతుంది. ఈ మాత్రలు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, ప్రాణం మీదికొస్తుంది. లివర్ని చూసుకుంటూ కొంచెం కొంచెం తగ్గించాలి. ఆవిడ చెప్పబట్టి నాకు దారి తెలిసింది."

రక్తపరీక్షలో కామెర్ల లెక్క చెప్పే బిలిరుబిన్ దిగడానికి చాలా కాలం పట్టింది. మాత్ర తగ్గించిన ప్రతిసారీ చేతులు వణికేవి. ఒక మధ్యాహ్నం వార్డులోంచి మాయమైంది. బస్టాండు దగ్గర మందుల షాపు ముందు అరుగు మీద కూర్చుని కనిపించింది. "లోపలికెళ్లలేదండీ. వెనక్కీ రాలేకపోయాను," అంది. చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాను. తరువాత మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. ఆమెకు పిచ్చని మా బంధువులు రాకపోకలు మానుకున్నారు. ఆ వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "బిడ్డకి పేరు పెట్టుకున్నారా?" సుగుణ అవునంది. శామ్యూలట. ఆ పేరు నేను వినడం అదే మొదలు.

తిరువూరు వచ్చాక సుగుణ మొదట మేరి ఇంటికి వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను. మేరి బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఆ మాత్రల పేర్లు నీకు తెలుసుగా వదినా," అంది మేరి. "ఆయన్ని తీసుకెళ్లిన రోజు మీ గుమ్మం ముందునుంచే రిక్షాలో వెళ్లాం. ఒక్క మాట చెబితే ఏం పోయేది? వచ్చి చెబుతావని చూశాను."

సుగుణ అక్కడే గుమ్మంలో కూలబడింది. మేరి ఆమెను కసరలేదు, ఓదార్చలేదు. బియ్యం ఏరడం అయ్యాక చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు సుగుణ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. నర్సు ఉద్యోగం మళ్లీ చేయలేదు. కొంచెం పని చేస్తేనే అలసిపోతుంది, లివర్ పూర్తిగా కోలుకోలేదన్నారు. పన్ను నొప్పి వచ్చినా మాత్ర వేసుకోవడానికి భయపడి లవంగం బిగించి కూర్చుంటుంది. శామ్యూలు పేరు మాత్రం మా ఇంట్లో అందరం పలుకుతున్నాం. మేరి చర్చిలో ఎదురైతే తల ఊపుతుంది. మాట్లాడదు.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీవాళ్లను ఆసుపత్రిలో చేర్చినప్పుడు వాళ్లు వాడే మందులన్నీ, సూది అయినా, మాత్ర అయినా, సారా అయినా, డాక్టరుకు చెప్పండి. ఇంట్లో మూసిపెట్టి ఒక్కసారిగా మాన్పించే పని పెట్టుకోవద్దు. రోగి సిగ్గుపడితే మీరు చెప్పండి. మీకు తెలియకపోతే తెలిసినవాళ్లను వెతికి పట్టుకెళ్లండి. ఆ తెలిసినవాళ్లు మీరే అయితే, ఎవరూ పిలవకపోయినా బస్సెక్కి వెళ్లి చెప్పండి. మేరి ఆ రోజు రిక్షాలోంచి మా గుమ్మం వైపు చూసింది అందుకే.