వంతెన కాడి రాక్షసుడు, మా మూటల బరువు

"పారెయ్యి నాయినమ్మా! సంచిల పదిహేడు పాత కత్తులున్నయ్. ఏం జేస్కుంటవ్ వాటిని?"

"పారేసుడు ఎంత అల్కగయింది నీకు! మొద్దుబారినా కత్తి కత్తే. కూరగాయలకన్నా పనికొస్తది."

"ఆమె కూరగాయలు కొయ్యది, యుద్ధం చేస్తది!"

"యుద్ధం చేసేటోళ్లు అన్నం తినరా?"

"ఈ ఆటల ఎవ్వరూ అన్నం తినరు!" అని మా పొట్టిది చేతిలున్న రిమోట్‌ను మంచం మీదికి విసిరింది. పొట్టిది అంటే నా కొడుకు బిడ్డ, ఆరో తరగతి. మా కొట్లాట మా వంటింటి కత్తుల గురించి కాదు. టీవీల ఆడే యుద్ధం ఆటల ఒక వీరనారి ఉంటది, ఆమె భుజానికి ఒక సంచి ఉంటది, ఆ సంచి గురించి.

ఆ రోజుల్లో నాకు అరవై మూడేండ్లు, అంటే ఇంకా చిన్నతనమే. (నవ్వకుండ్రి.) అసలు చిన్నతనం వచ్చిన కాలంల నాకు తీరిక లేకుండె. మూడో తరగతి కాంగనే మా నాయిన కొత్తవాడల జంపఖానాల మగ్గం పక్కన కూసోబెట్టి నూలు కండెలు చుట్టమన్నడు. ఆటలు పనిలేనోళ్ల రోగమని మా అమ్మ అనేది, నేను నమ్మిన, నా పిల్లలకూ అదే చెప్పి పెంచిన. అట్లాంటి ఇంటికి ఒక ఎండకాలం గేమ్ డబ్బా వచ్చింది. కాజీపేటల ఉండే నా బిడ్డ, "వీడు పుస్తకం ముట్టుతలేడమ్మా, పరీక్షలయ్యేదాక మీ ఇంట్ల దాచిపెట్టు" అని కొడుకు ఆటసామాను మూటగట్టి తెచ్చింది. దాచిపెట్టుడు నాకు బాగా వచ్చిన విద్య. బీరువాల పెట్టి తాళమేసిన. పొట్టిది రెండు రోజులు నా కాళ్లు పిసికింది, లాభం లేకపాయె. మూడోనాడు తెలివిగ, "వాడకుంటే మిషిన్లు ఖరాబైతయంట నాయినమ్మా" అన్నది. ఖరాబైతదంటే నా పానం ఆగుతదా? తాళం తీసిన.

మొదట్ల కరెంటు ఎంత కాలుతాందో చూద్దామని పక్కన కూసున్న. నాలుగు రోజులు గడిచేసరికి కొడుకు, కోడలు పనికి పోంగనే "ఇంకా డబ్బా పెట్టవేందే?" అని నేనే అడుగుడు మొదలుపెట్టిన. మీటలొత్తుడు ఆమె పని, హుకుం నా పని. నా హుకుంలు రెండే. దారిల దొరికిన ఏ వస్తువునూ వదలొద్దు, సంచిల ఉన్న ఏ వస్తువునూ వాడొద్దు. ఎర్ర మందు సీసా తాగితే వీరనారికి పానం మళ్ల నిండుతదట. నేను తాగనియ్యలే. "ఇంత దెబ్బకే మందా? పసుపు పెట్టుకోమను" అన్న. "పసుపుకు మీట లేదు నాయినమ్మా" అన్నది పొట్టిది. అట్ల సంచి నిండ మందు సీసాలు పెట్టుకొని, ఒక్కటీ తాగకుండ, ఆ మహాతల్లి ఎన్నిసార్లు చచ్చిపోయిందో.

అన్నిటికన్నా ఎక్కువ చచ్చింది వంతెన కాడ. అక్కడ ఒక రాక్షసుడు మా ఇంటి దర్వాజంత సుత్తె పట్టుకొని నిలబడతడు. వాన్ని దాటితేనే అవతలి ఊరు. చచ్చినప్పుడల్లా తెర మీద ఒక సలహా వస్తది. ఇంగ్లీషుల ఉంటే పొట్టిది చదివి తెలుగుల చెప్పేది.

"మోసే బరువును బట్టి తప్పించుకొనుటలో మార్పు ఉండును, అట."

"ఏం మార్పు? మంచిదా, చెడ్డదా?"

"రాయలే."

"ఇంకేముంది?"

"సమతూకం దెబ్బతింటే స్థితి మారును."

"ఎవరి సమతూకం? మనదా, వానిదా?"

"అదీ రాయలే."

నాకు ఒళ్లు మండింది. మందుల దుకాణపాయన చీటీ మీద రెండు గీతలు గీసి, పొద్దున రెండు రాత్రి ఒకటి అని నాలాంటిదానికి కూడ సమజయ్యేటట్టు చెప్తడు. ఇంత పెద్ద ఆట తయారుచేసినోళ్లకు ఆ మాత్రం తెలివి లేకపాయె. సరే, వాళ్లు చెప్పకుంటే నాకు తెల్వదా అనుకున్న. మగ్గం వెనక రాయి వేలాడదీస్తేనే పడుగు బిగువుగ నిలుస్తది, బరువు తీస్తే దారం జారి పని ఆగమైతది. మనిషైనా అంతే గద! "బరువు పెంచు పొట్టీ, సుత్తె తగిలినా కదలకుండ నిలబడాలె" అన్న. ఇనుప టోపీలు, విరిగిన డాళ్లు, రోలు లెక్క ఉన్న ఒక రాయి, అన్నీ ఎత్తిపించిన. సుత్తె పడ్డది. ఆమె నిజంగనే కదలలేదు. అక్కడ్నే చచ్చింది.

ఇగో, ఆ తర్వాత వచ్చిందే మొదట్ల చెప్పిన కొట్లాట. ఆనాటితోని మనుమని పరీక్షలు అయిపోయినయ్. తెల్లారితే వచ్చి డబ్బా తీస్కపోతడు. పొట్టిది కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. "నెల రోజులాయె, ఒక్క వంతెన దాటలేకపోతిమి. అన్నీ నువ్వు చెప్పినట్టే విన్న. ఒక్కసారి ఆమె ఎట్ల నడుస్తాందో చూడు! నువ్వు మార్కెట్ కాడ్నుంచి వస్తున్నట్టే లేదా?"

చూసిన. కుడి భుజం కిందికి జారింది. నాలుగడుగులేసి నడుము మీద చెయ్యి పెట్టుకుంటాంది, రొప్పుతాంది. సుత్తె లేసినప్పుడు పక్కకు దుంకుదామనుకునే లోపట్నే సుత్తె వచ్చి పడుతాంది. ముందు కోపమొచ్చింది. తర్వాత, ఎందుకో, నా భుజమే నొప్పి పెట్టింది.

"సరే, పారెయ్యి" అన్న.

"మందు సీసాలు తప్ప అన్నీనా?"

"అడగకు. నా మనసు మారక ముందే కానియ్యి."

ఒక్కొక్కటి పోతాంటే టక్కు టక్కు మని చప్పుడు. నేను మొఖం తిప్పుకున్న. ఒక్క ఇత్తడి గిన్నె మాత్రం ఉండనియ్యమని బతిమాలిన, పొట్టిది జర దయ తలిచింది. ఇగ చూడాలె ఆమెను! మేకపిల్ల లెక్క దుంకుతాంది. సుత్తె ఇటు పడితే ఆమె అటు, అటు పడితే ఇటు. నేను ఎప్పుడు లేచి నిలబడ్డనో నాకే తెల్వది. ఒక దెబ్బ తగిలి పానం సగమైంది. "మందు తాగు! ఇంకోటి తాగు! దాచుకొని ఏం జేస్తవే, తాగు!" అని గట్టిగ ఒర్లిన. పక్కింటామె సబ్బు చేతులతోని ఉరికొచ్చింది. "ఏమైంది వదినా? ఎవరిని తాగుమంటున్నవ్?" అని గడపల్నే నిలబడి చూస్తాంది. ఆమె తప్పు లేదు. మా ఇంట్ల ఛాయ్ అయినా రెండోసారి పోసింది ఆమె ఎన్నడూ చూడలే. ఆమె చూస్తుండంగనే రాక్షసుడు బోర్లపడ్డడు. నేను పొట్టిదాన్ని ఎత్తుకోబోయి, చాతగాక, దాని మీదనే పడ్డ. ఇద్దరం నేల మీద కూసొని నవ్వినం. ఏం సమజైందో, పక్కింటామె కూడ నవ్వింది.

ఆనాటి నన్ను, అరవై మూడేండ్ల పిల్లను, ఇప్పుడు తలుచుకుంటే ముద్దొస్తది. అంత సేపు ఆడి, గెలిచి, ఒక్క పని కూడ కాలేదే అన్న ఫికర్ లేకుండ కూసున్నది నా బతుకుల అదే మొదటిసారి.

తెల్లారి ఎనిమిదింటికి మనుమడు వచ్చిండు. వైర్లు చుట్టుకుంటా, "అమ్మమ్మా, అది మొదటి వంతెనే. ఇంకా తొమ్మిదున్నయ్" అన్నడు. నేను లోపలికి పోయి చీర మార్చుకొని, పొట్టిదానికి జడేసి, బయటికొచ్చి తలుపుకు తాళమేసిన. "మీ అమ్మను చూడక శానా రోజులాయె, పా" అన్న. నా బిడ్డ మొన్న ఆదివారమే వచ్చి పోయింది. ఆటోల కాజీపేట దాక ఆ మాట ఎవ్వరూ ఎత్తలేదు. డబ్బా నా ఒడిలనే ఉన్నది.