హలీమా ఇంటి చెవి

తెల్లవారి నమాజు కాగానే హలీమా చాప మడిచి, వీధి తలుపుకు సరిగ్గా పైన గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన చిన్న అరలోకి వచ్చి కూర్చునేది. ఆ అర నేలలో జానెడు వెడల్పు రంధ్రం ఉంది. దాని మీది కర్రమూత తీసి, వంగి, ఫలజ్ కాలువకు నీళ్ళకు పోయే ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ పలకరించేది. ఎవరి బిడ్డకు జ్వరం తగ్గిందో, ఎవరి మేక ఈనిందో ఆమెకు అక్కడే తెలిసేది. ఎవరైనా లోపలికి రావాలంటే తాళంచెవిని గుడ్డలో చుట్టి ఆ రంధ్రంలోంచి జారవిడిచేది. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆమె మెట్లు దిగడం మానేసి చాలాకాలమైంది.

ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు.

డెబ్బై ఎనిమిదిలో భూమయ్య, నేను అరబ్బుదేశంలో నిజ్వా పట్నం దాటి లోపలికి పోయే మట్టిదారిలో ఉన్న ఆ ఊరికి గోడపనికి వెళ్ళాం. భూమయ్య మా జగిత్యాల వైపు పేరున్న సుతారి. హలీమాది రాతి పునాది మీద పచ్చి ఇటుకతో కట్టిన బురుజు ఇల్లు. దండులు ఊళ్ళ మీద పడే రోజుల్లో కట్టారట. తలుపు విరగ్గొట్టబోయేవాళ్ళ మీద కాగే ఖర్జూరపు పాకం పొయ్యడానికే ఆ రంధ్రం పెట్టారట. హలీమా దాన్ని పలకరింపులకు వాడుకుంది.

కింద ఖర్జూరం కొట్టు. బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే, ఆ బరువుకు పాకం ఊరి, నేలలోని సన్నని కాలవల వెంట కుండలోకి చేరుతుంది. పక్కనే మగ అతిథుల గది. దానికి వెనకవైపు వేరే తలుపు ఉంది గాని అక్కడినుంచి పైకి మెట్లు లేవు. పైఅంతస్తులు ఆడవాళ్ళవి. నేల మీద కూర్చునేవాళ్ళకు అందేలా కిటికీలు కిందికే ఉంటాయి, అన్నీ ఇంటి వెనకవైపే. అన్నిటికీ పైన డాబా. ఎండాకాలం ఇంటిల్లిపాదీ పడుకునేది అక్కడే.

వానకు నానిన వెనక గోడను మేం మళ్ళీ లేపుతున్నాం. సామాను పెట్టుకోవడానికి ఆమె అతిథుల గది ఇచ్చింది. వెనక కిటికీలోంచి రోజూ తాడుకట్టిన బుట్ట దిగేది. అందులో ఖర్జూరాలు, కహ్వా కాఫీ చెంబు. ఒక సోమవారం భూమయ్య బుట్ట ముట్టలేదు.

"జబ్బా?" అని పైనుంచి అడిగింది. మాకు వచ్చిన అరబ్బీ కొంత, ఆమె చేతి సైగలు కొంత. అట్లా నడిచేది మా మాట.

"కాదు ఉమ్మీ, సౌమ్," అని భూమయ్య ఆకాశం వైపు చూపించాడు. ఒక్కపొద్దు అన్నమాట. ఏ దేవుడికని ఆమె అడగలేదు. ఆ తర్వాతి సోమవారాలు భూమయ్య బుట్ట పొద్దుగూకాక దిగింది. ఆమె నమాజుకు నిలబడ్డ వేళల్లో మేమూ సుత్తి కింద పెట్టేవాళ్ళం.

ఆమె కొడుకు షరీఫ్ దూరాన ఉన్న బౌషర్‌లో సిమెంటు ఇల్లు కట్టుకున్నాడు. మమ్మల్ని పనికి పెట్టింది అతనే. ఒకరోజు పని చూడవచ్చాడు.

"గోడ నిలబెడతారు సరే. అమ్మ ఒక్కతీ ఎట్లా ఉంటుంది?" అన్నాడు ఉరుదూలో. "వచ్చే శుక్రవారం వస్తాను. ఆమె వల్ల కాదనిపిస్తే బౌషర్ తీసుకుపోతాను. ఇంటికి తాళం వేస్తాను."

తలెత్తి తల్లికి కూడా అదే మాట అరబ్బీలో చెప్పాడు. కిటికీలోంచి జవాబు వచ్చింది. "మా మామ కట్టిన ఇంటికి తాళమా? వేసుకో. నన్ను లోపల పెట్టి వేసుకో."

వెనక గోడ పూర్తయి, గురువారం సాయంత్రం వీధివైపు గోడకు సున్నపు గిలాబు మెత్తుతున్నాం. భూమయ్య తలుపు పైన నిచ్చెన మీద ఉండి, అర అడుగున చెయ్యి పెట్టి అన్నాడు.

"ఇగో, ఈడ ఇంత పొక్క వడ్డది. బల్లులు, తేళ్ళు దూరుతయి. ముసలమ్మకు తెల్వదు పాపం."

"పూడుస్తే పూడ్చు. పొద్దు గూకుతున్నది," అన్నాను.

అతను రాతిముక్కలు కుక్కి, దాని మీద గట్టి సున్నం నున్నగా మెత్తాడు. అక్కడ రంధ్రం ఉండేదని ఎవరూ పట్టలేనంత నున్నగా. పైన మూత వేసి ఉండడంతో హలీమాకు తెలియలేదు.

మరునాడు సెలవే అయినా షరీఫ్ పని చూస్తానన్నాడని వెళ్ళాం. అతని జీపు అప్పటికే వచ్చింది. తలుపు బాదుతున్నాడు. లోపలినుంచి ఉలుకూ పలుకూ లేదు. కడవలతో ఆడవాళ్ళు గుమిగూడారు.

"తెల్లారినుంచి ఆమె గొంతు వినలేదు," అంది పక్కింటావిడ. షరీఫ్ వెనక కిటికీ దగ్గరికి పరుగెత్తి పిలిచాడు, మళ్ళీ ముందుకొచ్చాడు. పక్కింటావిడ తలెత్తి అర అడుగు చూసి, "ఈ ఇంటి చెవి ఏది? ఎవరు మూశారు?" అంది.

భూమయ్యకు అర్థమైంది. "నేనే పూడ్చిన, భయ్యా. ఉత్త పొక్క అనుకున్న."

షరీఫ్ అతని చొక్కా పట్టుకున్నాడు. అంతలో లోపల గడియ కదిలింది.

తలుపు తీసి హలీమా నిలబడింది. ఒక్కొక్క మెట్టూ కూర్చుని దిగివచ్చినట్టుంది, బట్టలన్నీ మట్టి.

"అమ్మా, నేను చెప్పింది ఇందుకే. సామాను సర్దు," అన్నాడు షరీఫ్.

"ఎందుకు? కొట్టావు, తీశాను."

"ఇంతసేపా?"

"నువ్వు పుట్టడానికి ఇంతకన్నా ఎక్కువసేపే తీసుకున్నావు. నేనేమన్నా అన్నానా?"

కడవల వెనక ఆడవాళ్ళు నవ్వారు. ఆమె గడప మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటూ అంది. "నా వల్ల కాదన్నావు. పలకడానికి దారి లేకపోతే దిగే వచ్చాను. ఇంకేం చూడాలి నువ్వు?"

షరీఫ్ చొక్కా వదిలేశాడు. భూమయ్య ఆమె ముందు చేతులు జోడించి మాఫ్ చెయ్యమన్నాడు. సంగతి కొడుకు చెప్పగా విని, "బల్లులు రాకుండా మూశాడా? మా అత్త విని ఉంటే వీణ్ణి దత్తత తీసుకునేది. బల్లిని చూస్తే భయంతో ఆమెకు ప్రాణం పోయేది," అంది.

భూమయ్య అప్పుడే నిచ్చెన వేసి ఉలితో సున్నం రాలగొట్టాడు. షరీఫ్ పైకి వెళ్ళి, తల్లి కూర్చునే చోట చాలాసేపు కూర్చున్నాడు. వీధిలో ఎవరు ఏం మాట్లాడినా అక్కడికి వినిపిస్తోంది. దిగివచ్చాక బౌషర్ మాట ఎత్తలేదు. "ప్రతి శుక్రవారం వస్తాను," అన్నాడంతే.

"రా," అని హలీమా తల ఊపింది. తర్వాత సామాను సర్దుకుంటున్న భూమయ్యను దగ్గరికి పిలిచింది.

"బూమా, నాకోసం ఇంకో పని చేసిపెడతావా? డాబా మీద పిట్టగోడ మరీ పొట్టిగా ఉంది. ఎండాకాలం నా మనవలు వచ్చి అక్కడే పడుకుంటారు. ఒక మూరెడు ఎత్తు లేపు."