బరువు చూసే గుమస్తా

మా ఆఫీసులో లైసెన్సులు చూసే గుమస్తా పోయినప్పుడు, ఆయన ఎవరి దగ్గరా రూపాయి ముట్టలేదని అందరూ అన్నారు. నిజమే. చలానా కట్టి వచ్చిన కొండ గ్రామాలవాళ్ల దగ్గర ఆయన నాటుకోడి తీసుకునేవాడు. ముందు దాన్ని అరచేతిలో ఎత్తి బరువు చూసేవాడు, తర్వాతే కాగితం చదివేవాడు. ఎవరినీ కసిరేవాడు కాదు.

అరకు రోడ్డు మీద బొంగు చికెన్ కొట్టు పెట్టుకోవాలని ఒకామె మూడు నెలలుగా తిరుగుతోంది. ఆ రోజు ఆమె చంకలో కోడి ఉంది. దాని కాలికి పసుపు దారం కట్టి ఉంది.

“ఇది నీకు కాదు బాబూ. మా గుంటకి జొరం తగ్గాలని తల్లికి మొక్కినాను. వచ్చే సంతకి నీకింకోటి తెత్తాను.”

“తల్లి ఆగుతాదమ్మా. మా సారు రేపే బదిలీ మీద ఎలిపోతన్నారు. ఆనక ఎవులొస్తారో ఏటో,” అన్నాడాయన మెత్తగా.

ఆమె చివరికి కోడిని అందించింది.

“నీకంటే ఇదే బలంగా ఉంది,” అని నవ్వాడు. దారం కత్తిరించి ఆమె చేతిలో పెట్టి, లోపలికెళ్లి సంతకం చేయించుకొచ్చాడు.

బదిలీ మాట అబద్ధమని నాకు తెలుసు. మర్నాడు ఆయన క్యారియర్ విప్పి సారుకీ, నాకూ వడ్డిస్తే తిన్నాను. ఆ పిల్లకి జ్వరం తగ్గిందా అని మేమెవరమూ అడగలేదు.