ఇరుపక్షాల పెద్దమనిషి

కోటబొమ్మాళి దగ్గర ఓ ఊళ్లో పొలం గట్టు తగువైనా, ఆలుమగల తగువైనా పెద్దమనిషి సోములు అరుగు దగ్గరికి రావాల్సిందే. ఎంత పెద్ద గొడవనైనా పాము చావకుండా, కర్ర విరగకుండా తేల్చేస్తాడని పేరు. మనిషి చెడ్డవాడా అంటే కాదు. ఒకరి సొమ్ము తిని ఎరగడు. ఉన్న జబ్బల్లా ఒకటే, తప్పు ఎవడిదో మాత్రం చచ్చినా చెప్పడు. "ఇద్దరి తప్పూ ఉన్నాది. ఇద్దరూ కాస్త తగ్గండి" అని తువ్వాలు దులుపుకుని లేచిపోతాడు. కొట్టినవాడికి తగ్గడానికేం, కొట్టడం అయిపోయింది కదా! ఎప్పుడూ తగ్గాల్సింది దెబ్బలు తిన్నవాడే.

జగ్గమ్మ మొగుడు అలా తగ్గినవాడే. ఎగువ చేను ధనరాజ్ వంశధార కాలవ నీళ్లు కిందికి వదలకుండా కట్టేసుకుంటే, అడగడానికి వెళ్లాడు. ధనరాజ్ పారతో మొహం మీద కొట్టాడు. కుడికన్ను పోయింది. ధనరాజ్‌కి ఊళ్లో సగం బలగం, పైన పార్టీ అండ. కర్రున్నవాడిదే బర్రె అని ఊరికే అన్నారా! సోములు ఇద్దరినీ కూర్చోబెట్టి తన పాత పాటే పాడాడు. జగ్గమ్మ కేసు వద్దంది, పరిహారం వద్దంది.

"కొట్టినోడిది తప్పని నీ నోటితో ఒక్క మాట అను మావా. మాకదే సాలు."

"ఇద్దరూ నాకు కావలసినోలే అమ్మీ. నానేటి సెప్తాను?" అన్నాడు సోములు.

ఆమె మొగుడు ఒంటికన్నుతోనే కొన్నాళ్లు వ్యవసాయం చేసి, ఆ మాట వినకుండానే జ్వరమొచ్చి పోయాడు.

సోములు కొడుకు మురళీమోహన్‌ది ఆయిల్ ఓడ మీద పని. సముద్రం అవతల రెండు దేశాలు కయ్యానికి దిగి ఉన్నాయి. ఎవరి జోలికీ పోకుండా వెళుతున్న ఆ ఓడ మీద క్షిపణి పడింది. ఇంజను గదిలో ఉన్నవాళ్ల శవాలు కూడా దొరకలేదు. మురళి ఇంజను గదిలోనే ఉన్నాడు.

కోడలు యమున టీవీ ముందు నుంచి కదల్లేదు. పెద్ద దేశాలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకటే మాట: ఇరుపక్షాలూ సంయమనం పాటించాలి, అంతర్జాతీయ చట్టాన్ని గౌరవించాలి. ఎవడు వేశాడో చెప్పిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. ఆఖరికి శ్రీకాకుళం నుంచి పరామర్శకని ఓ ఆఫీసరు వచ్చాడు. సోములు ఆయన చెయ్యి వదల్లేదు.

"బాబూ, మావోడు ఆ పక్షమూ కాడు, ఈ పక్షమూ కాడు. ఆ బాంబు ఎవులేసినారు? ఆలది తప్పని ఒక్క మాట సెప్పండి."

"అది సున్నితమైన విషయం పెద్దాయనా. రెండూ మనకు మిత్రదేశాలే."

"సట్టం ఉన్నాదన్నారు కదా బాబూ! దానికి నోరు లేదేటి?"

ఆఫీసరు భుజం తట్టి జీపెక్కాడు. సోములు తన అరుగు మీదే కూలబడ్డాడు. తనదాకా వస్తే గానీ తెలియదంటారు. తెలిసింది, ఏం లాభం!

చావు ఇంట్లో పొయ్యి వెలగదు కనుక జగ్గమ్మ అన్నం, చారు వండి తెచ్చింది. అరుగు మీద పలకరింపుకొచ్చిన జనం, వాళ్ల మధ్యన కుర్చీలో ధనరాజ్. జగ్గమ్మ అటు చూడనైనా చూడకుండా యమునను పొదువుకుంది.

"బాంబేసినోడు ఏ దేశపోడైతే నాకేటి? తప్పు ఆడిదే! మన మురళిది కాదు. ఆడి సేతులిరిగిపోను!" అని అందరికీ వినబడేట్టు శాపనార్థాలు పెట్టింది.

అన్నాళ్లూ రాయిలా ఉన్న యమున అప్పుడు బావురుమంది. సోములు కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నం పళ్లెం అందిస్తున్న జగ్గమ్మ వైపు వంగి, గొంతు తగ్గించాడు.

"నీ మొగుడి తగువులో తప్పు ధనరాజుదే అమ్మీ. నాకు అప్పుడే తెలుసు."

"నీకు తెలుసని మాకూ తెలుసు. గట్టిగా అను మావా. ఆడు ఇక్కడే ఉన్నాడు, ఇంటాడు."

సోములు ధనరాజ్ వైపు చూశాడు. ధనరాజ్ కూడా ఇటే చూస్తున్నాడు. సోములు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, మాట మాత్రం రాలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని తల దించుకున్నాడు.

జగ్గమ్మ పళ్లెం అతని ముందుకు జరిపింది.

"తిను మావా. సల్లారిపోతాది."