జీబ్రా గీతల దగ్గర నిలబడ్డ మనిషి

2019 జూన్‌లో మా కంపెనీ నన్ను హైదరాబాద్ ప్రధాన కార్యాలయం నుంచి మహబూబ్‌నగర్ కేంద్రానికి నాణ్యతాధికారిగా పంపింది. పదవీ విరమణ దగ్గరపడుతున్న వాణ్ణి ఎక్కడికి పంపినా ఒకటేనని పైవాళ్లు అనుకున్నట్టుంది. నేనూ అలాగే అనుకున్నాను కాబట్టి పేచీ రాలేదు. యూరప్‌లో డ్రైవర్ అక్కర్లేకుండా తిరగబోయే ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డును చూడడం నేర్పడం ఆ కేంద్రం పని. నేర్పేవాళ్లలో ఒక్కరికీ కారు లేదు. నాకు ఒక స్కూటర్ ఉండేది గనుక రవాణా రంగంలో అనుభవజ్ఞుడి కింద లెక్క.

ఈ పని తెలియని వారికి రెండు మాటలు చెప్పాలి. అక్కడెక్కడో చలి దేశంలో నెత్తిన కెమెరాలు పెట్టుకున్న కార్లు ఊరంతా తిరుగుతాయి. అవి తీసిన బొమ్మలు మా కంప్యూటర్లలోకి వస్తాయి. మా సిబ్బంది ప్రతి మనిషి చుట్టూ, సైకిల్ చుట్టూ, పిల్లల బండి చుట్టూ ఒక డబ్బా గీసి, అదేమిటో రాసి, కింద అడిగిన ప్రశ్నలకు జవాబిస్తారు. దీన్ని లేబులింగ్ అంటారు. కారులోని యంత్రం ఈ జవాబులను చదివి నేర్చుకుంటుంది. అది ఎదురు ప్రశ్న వేయని విద్యార్థి. మనం తప్పు చెప్పినా శ్రద్ధగా నేర్చుకుంటుంది.

ప్రశ్నలన్నిటిలో ముఖ్యమైనది ఒకటుంది. రోడ్డు పక్కనున్న ఈ మనిషి దాటబోతున్నాడా, లేదా? పెట్రోలు కారయితే వస్తున్న చప్పుడు వినబడుతుంది, మనిషి తన జాగ్రత్తలో తానుంటాడు. ఎలక్ట్రిక్ కారు పిల్లిలా వస్తుంది. అందుకని మనిషి సంగతి కారే కనిపెట్టుకోవాలి.

ఒక్కో బొమ్మను ముగ్గురికి విడివిడిగా ఇచ్చేవాళ్లం. ముగ్గురి జవాబూ ఒకటైతే ఖాయం. ఒకరు తేడాగా చెబితే ఆ బొమ్మ టీమ్ లీడర్ ముందుకు తీర్పుకు వెళ్లేది. ఖాయమైన వాటిలోంచి కొన్ని ఏరి చూసి సంతకం పెట్టడం నా వంతు. మహబూబ్‌నగర్‌లో ఆ ముగ్గురికీ మాట కలవకపోవడం అరుదు. అంతటి ఏకాభిప్రాయం మరే కేంద్రంలోనూ లేదని నేను రాకముందే హైదరాబాద్ నుంచి ఒక షీల్డు ఇచ్చారు. దాన్ని మంచినీళ్ల ఫిల్టర్ పైన గోడకు తగిలించారు. నీళ్లు తాగిన ప్రతిసారీ మేమెంత నాణ్యమైన వాళ్లమో గుర్తుకొచ్చేది.

టీమ్ లీడర్ పేరు సునీత. పుట్టిల్లు మక్తల్ దగ్గర పల్లె, బీఎస్సీ చదివింది. భర్తకు మహబూబ్‌నగర్ బస్టాండు వెనక పంక్చర్ల షాపు. ఆమె కింద పనిచేసేవాళ్లు ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల వ్యవసాయ కుటుంబాల అమ్మాయిలు, కోడళ్లు. పొద్దున బస్సు దిగి, సద్దిడబ్బా పక్కన పెట్టి, సాయంత్రం దాకా యూరప్ వీధుల్లో తిరిగి, మళ్లీ బస్సెక్కేవారు. ఆ ఖండం మీద వాళ్లకు గట్టి అభిప్రాయాలే ఉండేవి. నేను చేరిన మొదటి రోజే సునీత నాకు ఆ దేశాన్ని పరిచయం చేసింది. "ఆడైతే కుక్కనే మనిషిని తాడు కట్టి తిప్పుతది సార్. ముసలోళ్లు ఎవల సంచి వాళ్లే మోసుకుంటరు. ఒక్కడు గూడ ఇంకొకనితోని మాట్లాడడు," అంది. తరువాత కొన్ని వేల బొమ్మలు చూశాను. దిద్దవలసిందేమీ కనబడలేదు.

వానలు వెనకబట్టాక, మాకు ఈ పని ఇచ్చిన ఖాతాదారు, అంటే ఆ యూరప్ కార్ల కంపెనీ నుంచి ఫిర్యాదు వచ్చింది. వాళ్ల పరీక్ష కారు, లోపల జాగ్రత్తకు ఒక మనిషిని కూర్చోబెట్టుకుని, ఒక చిన్న పట్నంలో వెళుతోంది. జీబ్రా గీతల దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. కారు వేగం తగ్గించలేదు. లోపలి మనిషి బ్రేకు తొక్కాడు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, పెద్దాయన గొడుగుతో కారు ముక్కు మీద ఒకటి వేశాడు. ఆ బొమ్మ కూడా పద్ధతి ప్రకారం లేబులింగ్‌కు మా దగ్గరికే వచ్చింది. గొడుగు చుట్టూ డబ్బా సరిగ్గానే గీశాం.

ఖాతాదారు తవ్వి చూస్తే తేలిందేమిటంటే, జీబ్రా గీతల దగ్గర ఓపిగ్గా నిలబడ్డ ప్రతివాడి మీదా మహబూబ్‌నగర్ 'దాటడు' అని రాసింది. ముగ్గురికి ముగ్గురూ. ఒక్క బొమ్మ కూడా తీర్పుకు రాలేదు.

మా వైస్ ప్రెసిడెంట్ మాధవరావు గారు ఫోన్ చేశారు. కేంద్రాలన్నీ ఆయన చేతికింద ఉండేవి. గ్రామీణ సిబ్బందికి రోడ్డు స్పృహ ఉండదని తాను మొదటే చెప్పాననీ, దీపావళి కల్లా పని హైదరాబాద్‌కు మార్చేస్తామనీ, రాదలచుకున్న వాళ్లు రావచ్చుననీ అన్నారు. ఈ చివరి మాటను దయ కింద అన్నారని గొంతును బట్టి గ్రహించాను.

విషయం సునీతకు చెప్పాను. ఆమె మౌస్ వదలకుండానే విన్నది.

"మా ఆయన షాపు నెత్తిన పెట్టుకొని వస్తడా సార్? ఈ ఆడపిల్లలు ఊరు దాటి కిరాయి ఇంట్ల ఉండనీకి ఇండ్లల్ల ఒప్పుకుంటరా? రావచ్చు అంటే పోండ్రి అన్నట్టే. సక్కగ గదే చెప్పుమనుండ్రి."

వైస్ ప్రెసిడెంట్‌కు చక్కగా చెప్పుమనే అధికారం నా హోదాకు లేదు. తప్పు ఎక్కడ పుట్టిందో చూసే అధికారం మాత్రం ఉంది. ఆ గొడుగు పెద్దాయన బొమ్మను, అంటే గొడుగు ఎత్తక ముందుదాన్ని, తెర మీద పెట్టి, ఈయన దాటడని ఎట్లా చెప్పారమ్మా అని అడిగాను.

"దాటెటోడైతే చెయ్యి పెడ్తడు గద సార్," అంది సునీత. "గీయన రెండు చేతులు జేబుల పెట్టుకొని నిలబడ్డడు. బస్సు కోసమో, పెండ్లాం కోసమో."

చదివేవారు ఒకసారి తమ ఊరి రోడ్డును తలచుకోవాలి. మన దగ్గర రోడ్డు దాటే మనిషి అంచున నిలబడడు. ఒక అడుగు లోపలికి వేసి, అరచెయ్యి బండి వైపు తిప్పి చాపుతాడు. బండి ఆగదు, కొద్దిగా తగ్గుతుంది. అతడూ ఆగడు, చెయ్యి దించకుండా నడుస్తాడు. అలా లారీలు, బస్సులు, గొర్లమందలు అన్నీ నడిచిపోతాయి. చెయ్యి పెట్టనివాడు దాటేవాడు కాడు, ఉత్తగా నిలబడ్డవాడు. వాడి కోసం బండి ఆపితే వెనకవాడు తిడతాడు. యూరప్‌లోనేమో జీబ్రా దగ్గర నిలబడడమే చెయ్యి పెట్టడం. ఆ తరువాత పని కారుది. ఈ ముక్క ఖాతాదారు పంపిన సూచనల్లో ఎక్కడా లేదు. దాటేవాడు ఎలా ఉంటాడో ప్రపంచంలో అందరికీ తెలుసుననే ధైర్యంతో రాసినట్టుంది.

ఇదంతా వివరంగా రాసి మాధవరావు గారికి పంపాను. ఆయన సంతోషించారు. పల్లెటూరి అలవాటే కారణమని నేనే నిరూపించాను కాబట్టి మార్పుకు ఇక అడ్డేమీ లేదన్నారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా నివేదికను పైవాళ్లు అంత త్వరగా ఒప్పుకోవడం అదే మొదలు.

అయితే పని ఎక్కడికి కదిలించాలన్నా ముందు తమ మనిషి వచ్చి చూడాలని ఖాతాదారు షరతు పెట్టాడు. వచ్చినాయన పేరు హెన్రిక్, ఇంజనీరు. తలుపుల కింద వంగి నడిచేంత పొడుగు. మాట తక్కువ. ఆయనతో పాటు మాధవరావు గారు కూడా హైదరాబాద్ నుంచి కారులో దిగారు.

పొద్దున సమావేశంలో గ్రామీణ అలవాట్ల మీద మాధవరావు గారు తెర మీద బొమ్మలు వేసి చాలాసేపు మాట్లాడారు. సునీత చివరి కుర్చీలో కూర్చుని, తన కొలువు ఎందుకు పోవాలో ఇంగ్లీషులో విన్నది. హెన్రిక్ ఒక్క ప్రశ్న వేశాడు, ఆ సూచనలు రాసింది ఎవరని. వాళ్ల ఆఫీసేనని చెప్పాను. తలూపాడు. ఆ తలూపడంలో ఏముందో తెలియలేదు.

భోజనానికి రోడ్డు అవతలి హోటల్‌కు బయలుదేరాం. మా గేటు ముందు జీబ్రా గీతలు ఉండేవి. ఎవరో పెద్దవారు వచ్చినప్పుడు వేసినవి, వారు వెళ్లాక ఎవరూ పట్టించుకోనివి. హెన్రిక్ వాటి దగ్గరికి వెళ్లి, బూట్లు అంచుకు సరిగ్గా ఆనించి, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. మాధవరావు గారు ఆయన పక్కనే నడుస్తూ, పట్టణవాసి రోడ్డు క్రమశిక్షణ గురించి చెబుతున్నారు. చెబుతూనే ఒక అడుగు ముందుకు వేశారు, కుడిచెయ్యి చాపారు, వస్తున్న ఇసుక లారీకి అరచెయ్యి చూపించారు. లారీ తగ్గింది. వాక్యం ఎక్కడా తెగకుండా ఆయన ఆ ఒడ్డుకు చేరి, జవాబు కోసం పక్కకు తిరిగారు. పక్కన ఎవరూ లేరు.

అతిథి ఇంకా ఈ ఒడ్డునే ఉన్నాడు. ఆటోలు, బస్సులు, మోటారు సైకిళ్లు ఆయన ముందు నుంచి పోతున్నాయి. ఆయన తమ దేశంలో నిలబడ్డట్టే నిలబడ్డాడు. మనవాళ్లు మన దేశంలో పోయినట్టే పోయారు.

నేనూ సునీతా అప్పటికే అవతలికి చేరాం. సునీత మాధవరావు గారి ఇంకా పూర్తిగా దిగని చేతిని చూసింది.

"సార్, మీది ఏ ఊరు?" అని అడిగింది, చాలా వినయంగా.

ఆయన తమ ఊరి పేరు చెప్పబోయి, ఎందుకో ఆగిపోయారు. ఆయనా నల్లగొండ జిల్లా పల్లెటూరి మనిషేనని తరువాత తెలిసింది.

సునీత వెనక్కి వెళ్లి హెన్రిక్‌ను తీసుకొచ్చింది. ఆమె చెయ్యి చాపితే ఆయనా చాపాడు. రెండూ చాపాడు, ఎవరో తుపాకీ చూపించినట్టు. రోడ్డు మీద అన్నీ ఆగిపోయాయి. అంత పొడుగు మనిషి రెండు చేతులూ చాపి వస్తుంటే ఆగక ఏం చేస్తాయి.

భోజనం అయ్యాక హెన్రిక్ ఒక చిన్న కోరిక కోరాడు. జీబ్రా బొమ్మలు కొన్ని ఏరి, ఎందుకో చెప్పకుండా హైదరాబాద్ ఆఫీసులో కార్లు నడిపే ఇంజనీర్లకు పంపమన్నాడు. అవే బొమ్మలు మాధవరావు గారి ముందూ పెట్టమన్నాడు. జవాబు తమకు ముందే తెలుసునన్న ధీమాతో ఆయన నిబ్బరంగానే కూర్చున్నారు. జేబుల్లో చేతులున్న ఒక కుర్రవాడి దగ్గరికి వచ్చేసరికి అలవాటు కొద్దీ 'దాటడు' అని నొక్కేశారు. నొక్కాక తెలిసింది ఆయనకు. కారణం అడిగితే, ఆ వ్యక్తి ఎటువంటి సూచనా చేయలేదని ఇంగ్లీషులో చెప్పారు. సునీత చెప్పిందీ అదే, ఆమె జేబుల సంగతి, పెండ్లాం సంగతి కలిపి చెప్పింది.

సాయంత్రానికి హైదరాబాద్ జవాబులు వచ్చాయి. ఇంజనీర్లందరూ దాటడనే రాశారు. ఏకాభిప్రాయంలో వాళ్లు మహబూబ్‌నగర్‌ను మించారు. వాళ్ల గోడకు షీల్డు లేకపోవడం అన్యాయం అనిపించింది.

పని కదిలించడంలో లాభం లేదని హెన్రిక్ రాసి వెళ్లాడు. తప్పు కేంద్రానిది కాదు, సూచనలది అని కూడా రాశాడు. కొత్త సూచనలు వచ్చాయి. వాటిలో జీబ్రా దగ్గర రోడ్డు వైపు తిరిగి నిలబడ్డవాడు దాటేవాడే, చేతులు ఎక్కడున్నా సరే అని స్పష్టంగా ఉంది. పాత బొమ్మలన్నీ మళ్లీ చేశాం. మొదట్లో మావాళ్లు అతిజాగ్రత్తకు పోయి, గీతల దగ్గర కబుర్లాడుకుంటున్న వాళ్లను కూడా దాటించేశారు. కారు మరీ మర్యాదగా తయారైందని ఇంకో ఫిర్యాదు వచ్చింది. దాన్నీ సరిచేశాం. మాధవరావు గారు కేంద్రం మార్పు గురించి మళ్లీ ఎత్తలేదు, మహబూబ్‌నగర్ కూడా రాలేదు. నేను రిటైరయ్యే నాటికి సునీత అదే కేంద్రానికి ఇన్‌చార్జి.

ఆ సంఘటన నాకు నేర్పింది నా పనికి సంబంధించిన విషయమే. అంతకు ముందు ముగ్గురు ఒకే మాట అంటే ఆ మాట నిజమని సంతకం పెట్టేవాణ్ణి. ముగ్గురూ ఒకే తీరు రోడ్డు మీద పెరిగారని మాత్రమే దాని అర్థం. ఆ తరువాత ఏ ప్రాజెక్టు చేపట్టినా, సిబ్బంది తగువుపడ్డ బొమ్మలను పక్కన పెట్టి, అందరూ ఒప్పుకున్న వాటినే ముందు తెరిచి చూశాను. తప్పులు ఎక్కువగా అక్కడే దొరికాయి.