పోతమ్మ పాడించిన లాటిన్ మాట

ఫిషింగ్ హార్బర్‌లో ధరలు పాడుతూ చేపల వేలం వేసేది పోతమ్మ. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఆమె మనవరాలు అనూరాధ డిగ్రీలో చేపల చదువే చదువుతోంది. ఇంట్లో వాగుడుకాయ. నలుగురి ముందు నిలబడితే మాత్రం నోరు పెగలదు. రెండు సెమినార్లలో మూగబోయింది. శుక్రవారం మూడోది. ఈసారీ మాట రాకపోతే చదువు మానేస్తానని తేల్చేసింది.

చెప్పాల్సింది చందువ చేప లాటిన్ పేరులో ఒక్క మాట గురించి: అర్జెంటియస్. పోతమ్మ అంతా విప్పి చెప్పించుకుంది. లాటిన్‌లో వెండి అర్గెంతుమ్ అట, ‘వెండిలాంటిది’ అనే ఈ మాట అందులోంచే పుట్టిందట. మన రజతానికి దూరపు చుట్టమట. కాలేజీలో ‘జ’ అంటారు గానీ పాత రోమువాళ్ళు ‘గ’ పలికేవారట. మగమాట పక్కన అర్గెంతెయుస్, ఆడమాట పక్కన అర్గెంతెయా, రెండూ కానిదాని పక్కన అర్గెంతెయుమ్. పైగా విభక్తి మారినప్పుడల్లా తోక మారుతుందట: అర్గెంతెయీ, అర్గెంతెయో, ఇలా మొత్తం ఐదట.

"మన ఎండి గిన్నైనా ఎండే, ఎండి సెంబైనా ఎండే. ఆలకెందుకే ఇన్ని తోకలు?" అంది పోతమ్మ.

శుక్రవారం పొద్దున్నే మనవరాల్ని హార్బర్‌కి లాక్కెళ్ళింది. వేలం అయ్యాక ఒక్క చందువని ఐసు మీద పెట్టి, మనవరాలు ఐదు తోకల మాట పాడుతుందని చెప్పి కొనేవాళ్ళని కదలొద్దంది.

"మొకాలు సూడకే గుంటా. మొకాలు సూస్తే నాకూ పాట రాదు. సేపనే సూడు."

అనూరాధ నోట అర్గెంతెయుస్ దారప్పోగులా సన్నగా వచ్చింది. అర్గెంతెయీకి కాస్త రాగం కలిసింది. అర్గెంతెయో దగ్గరికొచ్చేసరికి అచ్చం మామ్మ వేలం పాటే. పాత బేరగాడు జగ్గయ్య అలవాటు కొద్దీ చెయ్యెత్తేశాడు. అక్కడ చెయ్యెత్తితే సరుకు ఎత్తినవాడిదే.

"ఇంకో రెండు తోకలున్నాయి బావా, తొందరపడ్డావు," అన్నాడు పక్కనున్న ఎల్లాజీ.

"పాట ఆగినట్టుంటే ఎత్తీసినాను, నాకేటి తెల్సు," అంటూ జగ్గయ్య చేపని సంచిలో వేసుకున్నాడు.

ఐసు ఖాళీ. చూడ్డానికి ముఖాలే మిగిలాయి. అన్నీ నవ్వుతున్నాయి. అనూరాధకీ నవ్వాగలేదు. తలెత్తి, మిగిలిన రెండూ జగ్గయ్య ముఖం చూస్తూనే చెప్పేసింది.

మధ్యాహ్నం కాలేజీ నుంచి ఫోను చేసింది. "మొత్తం సెప్పీసినాను మామ్మా. నలభై మందున్నారు."

"నలభయ్యేనా?" అంది పోతమ్మ. "ఈసారి ఇంకాస్త పెద్ద గది అడుగు."